కలిపినది: ఏమీ లేదు

మంగళవారం ఉదయం పదకొండు గంటలకు, బూడిద తెగులు సోకని గోధుమ మొక్కలున్న గాజు గదికి అధికారులు తాళం వేసి సీలు కొట్టారు. పక్క గదిలో అదే తెగులు సోకిన మొక్కలు ఉన్నాయి. ఆ గది తలుపు తీసే ఉంది.

ప్రజల్ని కాపాడే వ్యవస్థలన్నిటిలోకీ మార్పుల పరిశీలనా కార్యాలయం ముఖ్యమైనది. మారిన ఏ వస్తువూ దీని కన్ను కప్పి బయటికి వెళ్లలేదు. కార్యాలయానికి మూడంతస్తుల భవనం, ఒక లిఫ్టు ఉన్నాయి. (లిఫ్టు బాగుచేస్తే అది మార్పు కిందికి వస్తుందా రాదా అన్నది పరిశీలనలో ఉంది.)

సీలు పడిన మొక్కలు ఒక పరిశోధకురాలివి. బూడిద తెగులు అంటే ఆకుల మీద తెల్లటి పొడిలా పరుచుకునే శిలీంధ్రం. గోధుమలోని ఒక జన్యువు దానికి లోపలికి దారి ఇస్తుంది. పరిశోధకురాలు ఆ జన్యువులో చిన్న ముక్క కత్తిరించింది. దారి మూసుకుపోయింది. బయటి నుంచి తెచ్చి కలిపింది ఏమీ లేదు.

చిక్కు అక్కడే వచ్చింది. కార్యాలయాన్ని పెట్టింది కలిపేవాటిని పరిశీలించడానికి. దరఖాస్తులో ‘కలిపినది’ అన్న చోట ఆమె ‘ఏమీ లేదు’ అని రాసింది. ఏమీ లేనిదాన్ని పరిశీలించే విభాగం తమ దగ్గర లేదని గుమాస్తా దాన్ని తిప్పి పంపాడు. కలపలేదు, తీసేశానని ఆమె వివరించింది. అయితే తీసేసిన ముక్కను సీసాలో పెట్టి, మూత మీద పేరు రాసి అప్పగించమన్నారు. అది కణంలోనే కరిగిపోతుందని చెప్పింది. కరుగుతున్నప్పుడు పక్కన సాక్షులు ఎవరున్నారని అడిగారు.

చివరికి ఉపసంచాలకుడు కలగజేసుకుని ఆమెకు సాయం చేశాడు. ‘కలిపినది: ఒక లోటు’ అని రాయించి దరఖాస్తు తీసుకున్నాడు. లోటు కలిపిన వస్తువుల జాబితాలోకి చేరింది కనుక నిబంధన ప్రకారం గదికి సీలు పడింది. నీళ్లు పోయడానికి రోజూ సీలు విప్పి మళ్లీ వేసే ఉద్యోగిని నియమించారు. (ఆదివారం అతనికి సెలవు. ఆ రోజు మొక్కలకు కూడా సెలవుగా భావించాలని సర్క్యులర్ వచ్చింది.)

ఈ గోధుమ కోసం ఎదురుచూస్తున్న మనిషి పరిశోధకురాలి బాబాయి. కౌలు రైతు. వరసగా రెండు పంటలు బూడిద తెగులుకు పోయాయి. ఈసారి మామూలు గోధుమే వేశాడు. ఇదొక్కటి గట్టెక్కితే వచ్చే పంటకు అమ్మాయి గింజలు వస్తాయని లెక్క వేసుకున్నాడు. ప్రయోగానికి పొలంలో ఒక పక్క ఇస్తానని సంతకం కూడా పెట్టాడు. పొలం యజమాని మాత్రం ఇదే ఆఖరిసారి అన్నాడు. ఈ పంట కూడా పోతే అక్కడ గోడౌను కట్టిస్తాడు.

సీలు సంగతి తెలిసి బాబాయి ఫోను చేశాడు.

“అమ్మాయ్, జబ్బు రానివాళ్లని లోపలేసి జబ్బున్నవాళ్లని వదిలేశారటగా?”

“జబ్బు సహజమైంది బాబాయ్. దానికి అనుమతి అక్కర్లేదంట.”

“జబ్బుదే అదృష్టం,” అన్నాడు బాబాయి.

తనిఖీ అధికారి గురువారం వచ్చాడు. ముదురు నీలం కోటు వేసుకున్నాడు. కార్యాలయం ఇచ్చిన కోటు అది. జేబు మీద ‘మార్పు వద్దు’ అన్న ముద్ర ఉంది. తెగులు లేదని రాయాలంటే తెగులు ఎలా ఉంటుందో ముందు చూడాలని, తెగులు గదిలోకే మొదట వెళ్లాడు. పనిలో లోపం చేసే మనిషి కాడు. ప్రతి వరసలోనూ వంగి ఆకుల్ని వేళ్లతో రుద్ది చూశాడు. బయటికి వచ్చేసరికి కోటు మోచేతుల దాకా తెల్లగా అయింది.

తర్వాత సీలు విప్పించి రెండో గది చూశాడు. ఆకులు పచ్చగా ఉన్నాయి. ఆ గది నుంచి వచ్చేవాళ్లు బట్టలు బ్రష్షుతో దులుపుకుని రావాలి. మార్చిన గోధుమ పుప్పొడి బయటికి పోకూడదు కదా. అయితే మొక్కలు ఇంకా పూతకు రాలేదు. పూత లేనప్పుడు బ్రష్షు వాడకూడదని (అరిగిపోతుంది) ఉప నిబంధన ఉంది. అధికారి బ్రష్షును చూసి, సంతకం చేసి, దాని చోట దాన్ని ఉంచాడు.

అక్కడి నుంచి ఆయన నేరుగా బాబాయి పొలానికి వెళ్లాలి. ప్రయోగానికి అది పనికొస్తుందో లేదో చూడాలి. పరిశోధకురాలు గుమ్మంలో అడ్డం నిలబడింది.

“సార్, ఈ కోటు ఇక్కడ వదిలేసి వెళ్లండి. మా బాబాయి పంట బాగుంది. ఇదంతా తెగులే.”

“కోటు ఆఫీసుది మేడమ్. వదిలేస్తే పోయినట్టు రాసుకుంటారు.”

“పోనీ దులుపుకుని వెళ్లండి.”

“దేనికని రాయాలి? పుప్పొడి లేదు. ఇది సహజమైందే కదా.”

ఆమె తన సొంత కోటు తీసి ఇచ్చింది. దాని మీద ముద్ర లేదని ఆయన మర్యాదగా వద్దన్నాడు.

పొలంలో ఆయన నాలుగు మూలలూ నడిచాడు. మధ్యకి వెళ్లి నిలబడ్డాడు. అమ్మాయి ముందే ఫోను చేసి చెప్పడంతో బాబాయి గట్టు మీద నుంచి, సారు దయచేసి పొలంలో కోటు దులపొద్దని అరిచి చెప్పాడు. బాబాయి దేన్ని దులపొద్దంటున్నాడో అని సారు కోటు చూసుకున్నాడు. మోచేతులు చూసుకుని, శుభ్రంగా దులుపుకున్నాడు.

రెండు వారాలకు పొలం మధ్యలో ఆకులు తెల్లబడ్డాయి. తర్వాత నాలుగు మూలలూ తెల్లబడ్డాయి.

నెలాఖరుకు కార్యాలయం నివేదిక ఇచ్చింది. మార్చిన గోధుమ ఆనవాలు పొలంలో ఎక్కడా లేదు, ముందుజాగ్రత్తలు పూర్తిగా ఫలించాయి. పొలంలో కనిపించిన తెగులు సహజమైనది, కార్యాలయం పరిధిలోకి రాదు. తెగులును తట్టుకునే గోధుమ ప్రయోగానికి అనుమతి మంజూరు చేయడమైనది. ప్రయోగం తెగులు లేని పొలంలోనే జరగాలి కనుక, దరఖాస్తులో చూపిన పొలాన్ని తిరస్కరించడమైనది.

పరిశోధకురాలు నివేదికను బాబాయికి చదివి వినిపించింది.

“ఆ కోటుకొక సీలు వేయించాల్సింది అమ్మాయ్,” అన్నాడు.

పరిశోధకురాలు మరో పొలం కోసం తిరిగింది. తెగులు రాని పొలాల వాళ్లు, మాకు రాలేదుగా ఆ గింజలెందుకన్నారు. తెగులు వచ్చిన పొలాలు నిబంధనకు నప్పలేదు. గాజు గదిలో మొక్కలు పండాయి. కార్యాలయం సమక్షంలో కోసి, గింజల్ని సంచిలో పోసి, సంచికి సీలు వేశారు. సంచి మీద ‘ఒక లోటు’ అని రాశారు.

బాబాయి పంట పోయింది. యజమాని గోడౌను కట్టించాడు. అది పూర్తికాకముందే అద్దెకు పోయింది. సీలు వేసిన నమూనాలు పెట్టుకోవడానికి స్థలం చాలక మార్పుల పరిశీలనా కార్యాలయం దాన్ని తీసుకుంది.

పరిశోధకురాలి గోధుమ గింజలు సోమవారం ఆ పొలానికి చేరాయి. సంచిని రెండో వరసలో, తేమ తగలకుండా చెక్క బల్ల మీద పెట్టారు. కాపలాకు బాబాయిని పెట్టుకున్నారు. ఆయనకు ఒక నీలం కోటు ఇచ్చారు.