నాలుగో పేజీలో పెట్టెల డాక్టరు

షట్టరు ఎత్తేలోపే మేనకోడలితో వెబ్‌సైట్ బేరం తేల్చేయాలన్నది ఆ పొద్దున పెట్టెల డాక్టరు పెట్టుకున్న పని. డాక్టరంటే మందులిచ్చే డాక్టరు కాదు. సూట్‌కేసుల చక్రాలు, జిప్పులు, పిడులు బాగుచేసే మనిషి. వీధిలోవాళ్లు సరదాకి పెట్టిన ఆ పేరును ఆయన మాత్రం మహా గంభీరంగా తీసుకున్నాడు. పెట్టె తెరిచే ముందు దాన్ని వేలితో తట్టి, చెవి ఆనించి వింటాడు కూడా. ఏం వినపడుతుందో మనకి చెప్పడు.

ఈ మధ్య వినడానికి పెట్టెలే రావడం లేదు. మెయిన్ రోడ్డు మీద చుట్టూ అద్దాలు బిగించిన సూట్‌కేసు రిపేరు షాపు ఒకటి తెరిచాక జనమంతా అటే పోతున్నారు. ఈ ప్రయాణాల సీజన్ కూడా ఇలాగే ఉంటే షాపు ఖాళీ చేస్తానని ఓనరుకి మాట ఇచ్చేశాడాయన. ఇచ్చిన దగ్గర్నుంచీ అన్నం సహించడం లేదు. ఆ షాపే లేకపోతే పొద్దున్న లేచి ఎక్కడికి వెళ్లాలో ఆయనకి తెలియదు.

మేనకోడలు వెబ్‌సైట్ల పని కొత్తగా మొదలుపెట్టింది. మామయ్యే మొదటి కస్టమరు. ఆమె కాఫీ కప్పు పక్కన పెట్టి ఓపిగ్గా చెప్పుకొచ్చింది. మొత్తం ఒకేసారి ఇస్తే సైట్ తయారుచేసి చేతికిస్తుంది, తర్వాత సంగతి ఆయనదే. నెలనెలా ఇస్తే సైట్‌తోపాటు, జనం ఫోన్లో వెతికినప్పుడు షాపు పేరు పైకి వచ్చేలా చూస్తూ ఉంటుంది. మూడో పద్ధతిలో, షాపు అందరికన్నా పైన కనిపించిన రోజుకే డబ్బు, కనిపించని రోజుకి లేదు.

"మూడోదే ఖాయం చెయ్యమ్మా. జిప్పు నడిచాకే కదా నేనూ డబ్బు తీసుకునేది" అన్నాడు మామయ్య. పైకి రావడానికి నెలలు పడుతుందని ఆమె నసిగింది గానీ, మామయ్య ముందు గట్టిగా మాట్లాడే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. సరేనంది.

సైట్ వచ్చింది. ఇక చూడండి ఆయన అవస్థ. పొద్దున్నే 'సూట్‌కేసు రిపేరు' అని ఫోన్లో వెతకడం, పేజీలు దాటుకుంటూ కిందికి పోయి పోయి తన షాపు పట్టుకోవడం, దాన్ని నొక్కి తన ఫొటో తానే తనివితీరా చూసుకోవడం. టీ తాగాక మళ్లీ అదే. భోజనానికి ముందు ఇంకోసారి. ఇలా సాగుతుండగా షాపు మెల్లమెల్లగా పైకి పాకడం మొదలుపెట్టింది. ఒక పొద్దున తెరిచి చూస్తే అన్నిటికన్నా పైన తన పేరే ఉంది. ఆయన కళ్లు తుడుచుకుని, ఆ రోజు డబ్బు అప్పటికప్పుడే పంపించేశాడు.

మేనకోడలికి డబ్బు ముట్టింది గానీ విషయం అంతుపట్టలేదు. షాపును పైకి తెచ్చే పని ఆమె ఇంకా సగం కూడా చెయ్యలేదు. మామయ్య ఏదో వంక పెట్టుకుని తనని ఆదుకుంటున్నాడని అనుకుంది. ఆయన మనసు వెన్న అని వాళ్లమ్మతో చెప్పుకుని పొంగిపోయింది. ఆమె ఆయన్ని అడగలేదు, ఆయన ఆమెకి చెప్పలేదు.

ఊళ్లోకెల్లా ముందున్న షాపుకి మనుషులెందుకు రావడం లేదన్నది ఇప్పుడు డాక్టరుగారిని తొలిచేస్తున్న ప్రశ్న. తాను భోజనానికి వెళ్లినప్పుడు వచ్చిపోతున్నారేమోనని క్యారేజీ షాపుకే తెప్పించుకున్నాడు. భార్య ఫోన్ చేయడం వల్ల లైను దొరకడం లేదేమోనని ఆవిడని ఫోనే చెయ్యొద్దన్నాడు. చివరికి, ఇంత ఇరుకు షాపు చూసి వెనక్కి పోతున్నారని తేల్చుకుని, పక్కన ఖాళీగా ఉన్న గది కూడా అద్దెకి తీసుకుని అడ్వాన్సు కట్టేశాడు. ఖాళీ చేస్తానన్న మనిషి ఇంకో గది అడిగేసరికి ఓనరు నోరెళ్లబెట్టాడు.

ఈ వైభోగం చూసి ఎదురుగా ఉన్న కళ్లజోళ్లాయన కూడా అదే మూడో పద్ధతిలో సైట్ పెట్టించుకున్నాడు. ఆయనా పూటపూటకీ వెతికాడు, కొన్నాళ్లకి ఆయనా పైకి వచ్చేసి ఏ రోజు డబ్బు ఆ రోజే పంపసాగాడు. ఇద్దరూ వీధికి అటొకరు ఇటొకరు కూర్చుని ఒకరినొకరు అభినందించుకునేవాళ్లు. మధ్యలో రోడ్డు ఖాళీగా ఉండేది.

మామయ్య డబ్బు పంపాడంటే అభిమానం అనుకోవచ్చు. కళ్లజోళ్లాయనకి తనమీద అంత అభిమానం దేనికని మేనకోడలికి అనుమానం వచ్చింది. సంగతేమిటో కనుక్కుందామని ఒక మధ్యాహ్నం షాపుకి బయల్దేరింది. ఆమె గుమ్మం ఎక్కేసరికి లోపల అత్తయ్య క్యారేజీ పక్కన పెట్టి తన ఫోన్ చూపిస్తోంది.

"ఏమండీ, ఎంత వెతికినా మన షాపు లేదు. అద్దాల షాపే వస్తోంది."

"నీ ఫోన్ పాతదై ఉంటుంది."

మేనకోడలు రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూసింది. ఆమె మొహంలో రంగు మారింది.

"మామయ్యా, మీరు రోజూ మీ షాపే వెతికి మీ షాపే నొక్కుతున్నారు. మీకు అదే ఇష్టమని ఫోను పట్టేసింది. అందుకే మీకొక్కళ్లకే పైన చూపిస్తోంది."

"మరి ఊరికి?"

"ఊరికి నాలుగో పేజీ."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. ఉన్న గదే వదులుకోవలసినవాడు రెండో గది నెత్తిన పెట్టుకున్నాడు. తీసుకున్న డబ్బంతా తిరిగిచ్చేస్తానని మేనకోడలు కళ్లనీళ్లు పెట్టుకుంది. అంత దుఃఖంలోనూ ఆయనకి ఒక సందేహం మిగిలింది. ఈ ఫోన్లన్నీ ఇంట్లోవాళ్లవి, వీటి సాక్ష్యం చెల్లదు, బయటివాళ్ల ఫోన్లో చూస్తే గానీ నమ్మనన్నాడు. రోడ్డు మీదికి వెళ్లి, బస్టాపు వైపు నుంచి వస్తున్న ఒకావిడని ఆపాడు.

"అమ్మా, మీ ఫోన్లో సూట్‌కేసు రిపేరు అని వెతికి, మా షాపు ఎక్కడుందో కాస్త చెబుతారా?"

ఇలాంటి ప్రశ్న ఆవిణ్ణి ఎవరూ ఎప్పుడూ అడిగి ఉండరు. ఆగి, వెతికి, పేజీలన్నీ దాటి నాలుగోదాంట్లో పట్టుకుంది. గెలిచినట్టు నవ్వింది. తలెత్తి బోర్డు చూసింది. అప్పుడు తాను ఈడ్చుకొస్తున్న పెట్టె వైపు చూసుకుంది.

"ఈ చక్రం ఊడేలా ఉంది. అద్దాల షాపుకే పోతున్నాను. మీరు చేస్తారా?"

ఒక్క ఫోన్ చెప్పిందే ఎలా నమ్మడమని ఆయన ఇంకొకర్ని ఆపాడు, తర్వాత మరొకర్ని. మర్నాటి నుంచి పొద్దున్నే బస్టాపు దగ్గర నిలబడ్డాడు. మా షాపుకి రండి అంటే తప్పుకుపోయేవాళ్లు, మా షాపు ఎక్కడుందో వెతికి పెట్టండి అంటే ఆగిపోయారు. అంత దూరం వెతికి పట్టుకున్న షాపుని కళ్లారా చూడకుండా పోవడానికి ఎవరికీ మనసొప్పలేదు. వాళ్లతోపాటు పెట్టెలూ వచ్చాయి. సీజన్ ముగియకముందే రెండో గది కూడా నిండిపోయింది. షాపు ఖాళీ చెయ్యడం లేదని ఓనరుకి చెప్పొచ్చాక ఆయన సుఖంగా భోంచేశాడు.

మేనకోడలు మాత్రం చేసిన తప్పు దిద్దుకోవాలని పట్టుదలగా పనిచేసింది. ఒకరోజు పరుగున వచ్చి, షాపు ఊరందరికీ రెండో పేజీలోకి వచ్చిందని సంబరంగా చెప్పింది. డాక్టరుగారి చేతిలోంచి స్క్రూడ్రైవరు జారిపోయింది.

"నిన్నెవరు తెమ్మన్నారమ్మా పైకి? రేపు మొట్టమొదటే కనిపిస్తే జనాన్ని నేనేమని అడగాలి?"

"మరి ఏం చెయ్యమంటారు మామయ్యా?"

"నాలుగో పేజీలోనే పడేయ్. అక్కణ్ణుంచి కదలకుండా చూసుకో. నెలనెలా ఇచ్చుకుంటాను."

పైకి తేవడం కన్నా పైకి రాకుండా ఆపడం కష్టమనీ, దానికి రేటు కొంచెం ఎక్కువవుతుందనీ మేనకోడలు చెప్పింది. ఆయన బేరమాడలేదు. సాయంత్రానికి కళ్లజోళ్లాయన వచ్చి అదే పద్ధతి తనకీ కావాలన్నాడు, ఆయన వెనకే వీధిలో మిగతావాళ్లూ వచ్చారు.

నాలుగో పేజీలో ప్రస్తుతం ఖాళీల్లేవు.