వెస్టా సందు అర్జీ

ఇకమీదట వెస్టా వట్టి ఊరు కాదనీ, అదొక దేవతా భావన అనీ మేయర్ నెవిల్ పాస్కో గారు నవంబరు మొదటి మంగళవారం మధ్యాహ్నం ఫుట్‌బాల్ క్లబ్బు హాల్లో ప్రకటించారు. దేశమంతా టీవీల ముందు కూచుని గుర్రప్పందెం చూసే రోజు అది. ఊళ్ళోని నాలుగు వందల మందీ ఒకచోట దొరికేది ఏడాదికి ఆ ఒక్క పూటే కనక మేయర్ గారు ఆ ముహూర్తం ఎంచుకున్నారు. ఆయన ఆఖరి వాక్యం పలుకుతుండగా గుర్రాలు గీత దాటాయి. హాలు దద్దరిల్లేలా చప్పట్లు పడ్డాయి. మేయర్ గారు వాటిని వినయంగా స్వీకరించారు.

ఆ చప్పట్లలో నిజంగా మేయర్ గారికి చెందినవి మెర్వ్ హాకింగ్‌వి మాత్రమే. మెర్వ్ ముప్ఫై ఏళ్ళుగా కౌన్సిల్ మనిషి. రోడ్ల గుంటలు పూడ్చేదీ, బళ్ళ కింద పడి చచ్చిన కంగారూల్ని తీసేదీ, ఊళ్ళో బోర్డులన్నీ రాసేదీ అతనే. అదిగాక స్వచ్ఛంద ఫైర్ బ్రిగేడ్‌లో ఫైరింజను నడుపుతాడు. నెవిల్ పక్కన ఒకే బెంచీ మీద కూచుని చదువుకున్నవాడు. పేరు సంగతి నెవిల్ స్వయంగా చేతిలోకి తీసుకున్నాడంటే తన అర్జీకి మోక్షం వచ్చిందనే అనుకున్నాడు.

అర్జీ చిన్నదే. మెర్వ్ ఇల్లు వెస్టా సందులో ఉంది. ఊరికి పద్దెనిమిది కిలోమీటర్ల అవతల, గోధుమ పొలాల మధ్య, వెస్టా రోడ్డు ఉంది. కిందటేడు అతని భార్య లోర్నా ఇంటి చూరు తూములో ఆకులు తీస్తూ నిచ్చెన మీంచి పడింది. ఫోన్ చేస్తే, నగరంలో ఎక్కడో కూచున్న ఆపరేటరు అంబులెన్సుని వెస్టా రోడ్డుకు పంపింది. అక్కడ గొర్రెలు తప్ప నరమానవుడు లేడు. గంటా పది నిమిషాల తర్వాత అది సందులోకి వచ్చింది. లోర్నా ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తుంది. రెండోసారి ఇలా జరిగితే ఇద్దరిలో ఒకళ్ళం మిగలమని మెర్వ్‌కి భయం. అందుకే రాసుకున్నాడు: మా సందుకు ఇంకో పేరు పెట్టండి, ఏ పేరైనా సరే.

"నా అర్జీ ఏమైంది నెవిల్?" అని హాల్లోనే అడిగాడు.

"దాని మీదే కదరా ఇదంతా. పేరు గురించి ఆలోచించమన్నావు, ఆలోచించాను. మెల్‌బోర్న్ నించి కన్సల్టెంటుని పిలిపించాను. అరవై నాలుగు పేజీల రిపోర్టిచ్చింది. వెస్టా అంటే ఎవరో తెలుసా?"

"మనూరు."

"రోమన్ల పొయ్యి దేవత. వాళ్ళ గుళ్ళో ఆవిడ నిప్పు ఎప్పుడూ ఆరేది కాదు. మన రాష్ట్రానికి వాళ్ళ విజయ దేవత పేరే, విక్టోరియా. మన ఊరికీ దేవత పేరే. మధ్యలో ఉన్నవాళ్ళంతా అలగా జనం."

"విక్టోరియా రాణి పేరు కదా?"

"ఆ రాణికి ఎక్కణ్ణించి వచ్చింది?" అన్నారు మేయర్ గారు. నెవిల్ బళ్ళో కూడా ఇలాంటి ప్రశ్నలే వేసేవాడు.

రిపోర్టుకు ఆధారం కౌన్సిల్ భవనంలో గోడకు వేలాడే పాత పటం. నూట యాభై ఏళ్ళ కిందట మొదటి సర్వేయరు గీసింది. దాని అడుగున వంకర చేతిరాతతో 'వెస్టా' అని, పక్కనే ఒక చిన్న మంట బొమ్మ ఉన్నాయి. ఆ మాటకు ముందున్న అక్షరాలు చట్రం చెక్క కిందికి పోయాయి. కనిపించినంతా మేయర్ గారికి అనుకూలంగానే ఉంది కనక చట్రం విప్పాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు.

డిసెంబరు నెలంతా మెర్వ్ బోర్డులు రాశాడు. ఆటస్థలం వెస్టా మైదానమైంది. పెద్ద బజారు వెస్టా వీధి, పార్కు వెస్టా తోట, కౌన్సిల్ ఆఫీసు వెస్టా భవనం. చెత్త పోసే దిబ్బకు వెస్టా పునర్జన్మ కేంద్రమని పేరొచ్చింది. బస్టాండు దగ్గరి మరుగుదొడ్డిని మాత్రం వదిలేద్దామని ఒక సభ్యుడు అన్నాడు. దేవతకు వివక్ష ఉండదని మేయర్ గారు మందలించారు. ఆడపిల్లల నెట్‌బాల్ జట్టుకు 'వెస్టల్స్' అని పెట్టారు. వెస్టల్స్ అంటే ఆ గుళ్ళో నిప్పు కాసే కన్యలని తెలిశాక, నలుగురు పిల్లల తల్లి అయిన జట్టు కెప్టెను తనకు మినహాయింపు కావాలని రాతపూర్వకంగా కోరింది. ఆకాశంలో వెస్టా అనే గ్రహశకలం ఒకటి ఉందని ఎవరో చెబితే, దానితో సోదర పట్టణ ఒప్పందానికి తీర్మానం చేశారు. అవతలి పక్షం నించి అభ్యంతరం రాలేదు.

ఆఖరి బోర్డు మేకు కొడుతూ మెర్వ్ అన్నాడు, "నెవిల్, మొదట రెండు వెస్టాలుండేవి. ఇప్పుడు నలభై మూడయ్యాయి. నేనడిగింది ఒకటి తగ్గించమని."

"గందరగోళం రెండున్నప్పుడు వస్తుందిరా. అన్నీ ఒకటే అయ్యాక గందరగోళం ఎక్కడిది?"

అంతమాట తనకు ముప్ఫై ఏళ్ళ సర్వీసులో తట్టలేదని మెర్వ్ ఆశ్చర్యపోయాడు. ఇంటికెళ్ళి లోర్నాకు చెప్పాడు.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందిట," అంది లోర్నా. "ఇదివరకు అంబులెన్సు ఒక్కచోటికే తప్పిపోయేది. ఇప్పుడు నలభై రెండు చోట్లకి. పేరు గొప్ప, ఊరు దిబ్బ."

"దేవత పేరే."

"నీ మొహం. మా నాయనమ్మ అగ్గిపుల్లల్ని వెస్టాలనేది. పొయ్యి దగ్గర నిలబడి, ఆ వెస్టాలు ఇటందుకోవే అని కేకేసేది."

మర్నాడు మెర్వ్ ఈ సంగతి చెబితే మేయర్ గారు ఉప్పొంగిపోయారు. "చూశావా, అగ్గిపుల్లలకి కూడా మన ఊరి పేరే పెట్టుకున్నారు."

నడివేసవిలో, జనవరి మూడో శనివారం, దేవత గుళ్ళో లాంటి ఆరని జ్వాలకు ప్రారంభోత్సవం. వెస్టా భవనం మెట్ల మీద ఇత్తడి గిన్నె, దాని కింద గ్యాసు సిలిండరు, పైన 'ఏనాటికీ ఆరదు' అని గుడ్డ బ్యానరు. శుక్రవారం సాయంత్రం రేడియోలో చెప్పారు: రేపు నలభై నాలుగు డిగ్రీల ఎండ, ఎడారి నించి ఉత్తరపు గాలి, రాష్ట్రమంతటా నిప్పు నిషేధం. ఆరుబయట చుట్ట వెలిగించినా కేసే.

మెర్వ్ పరుగున వెళ్ళాడు. "నెవిల్, రేపు నిప్పు నిషేధం."

"విన్నాను. అందుకే మహిళా సంఘం వాళ్ళకి చెప్పేశాను, సాసేజిలు కాల్చొద్దని. చట్టం ముందు అందరూ సమానులే."

"మరి జ్వాల?"

"అది నిప్పు కాదురా, వారసత్వం."

తెల్లారేసరికి పక్క ఊళ్ళో గడ్డి మంటలు లేచాయి. బ్రిగేడ్ కెప్టెను గ్లెనిస్ ఊళ్ళో ఉన్న ఒక్క ఫైరింజనూ వేసుకుని అక్కడికి వెళ్ళిపోయింది. నువ్వూ రా అని ఆవిడ మెర్వ్‌ని పిలిస్తే, జ్వాల వెలిగించే చెయ్యి మెర్వ్‌దే కావాలని మేయర్ గారు ఆపేశారు. పదకొండు గంటలకు మెర్వ్ గిన్నె వెలిగించాడు. పక్కనే మహిళా సంఘం వాళ్ళు పచ్చి ఉల్లిపాయ ముక్కలు పెట్టిన రొట్టెలు పంచుతున్నారు. సాసేజిలు చట్టానికి లోబడి ఐసు పెట్టెలో ఉన్నాయి.

మేయర్ గారి ఉపన్యాసం నాలుగో నిమిషంలో ఉండగా గాలి తిరిగింది. బ్యానరు అంటుకుంది. బ్యానరు నించి చూరు, చూరు నించి పాత చెక్క కప్పు. జనం వీధి అవతలికి పరుగెత్తారు. మెర్వ్ సిలిండరు కట్టేసి ఫోన్ తీశాడు.

"ఏ ఊరండీ?" అంది నగరంలో ఆపరేటరు.

"వెస్టా."

"వెస్టాలో ఎక్కడ?"

"వెస్టా భవనం."

"ఏ వీధి?"

"వెస్టా వీధి." ఆ బోర్డు రాసింది తనేనని మెర్వ్‌కి గుర్తొచ్చింది.

"పక్కన ఏదైనా గుర్తు చెప్పండి."

"ఒకవైపు వెస్టా తోట. ఎదురుగా వెస్టా మైదానం."

అవతల కాసేపు టకటక చప్పుడు. "నాకు ఇక్కడ నలభై మూడు చూపిస్తోందండీ. ఉండండి, మీ నంబరు మీద ఒక గమనిక ఉంది. 'ఈయన వెస్టా అంటే వెస్టా సందు, రోడ్డు కాదు' అని. పోయినేడు మీరే కంప్లయింటు ఇచ్చారు. కంగారుపడకండి. ఈసారి సరిగ్గా అక్కడికే పంపుతున్నాను."

"అమ్మా, సందు కాదు," అని మెర్వ్ అరిచేలోపు ఫోన్ లైను పోయింది.

ఎర్రదుమ్ములో పొగేదో దుమ్మేదో తెలియని రోజది. పొరుగూళ్ళ నించి మూడు ఫైరింజన్లు గంటలు మోగించుకుంటూ ఒకదాని వెనక ఒకటి వెస్టా సందులో దిగాయి. లోర్నా కర్ర పట్టుకుని గేటు దాకా వచ్చింది.

"నేను నడుం విరిగి పడుంటే ఒక్క బండి రాలేదు. అంట్లు తోముకుంటుంటే మూడొచ్చాయి," అంది. తర్వాత పెద్ద బజారు దారి చూపించింది.

వాళ్ళొచ్చేసరికి కప్పు కూలిపోయింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు. ఫైళ్ళు మాత్రం మిగల్లేదు. మెర్వ్ లోపలికి దూరి పట్టుకు రాగలిగింది గోడ మీది పటం ఒక్కటే. తన అర్జీ ఉన్న బీరువా అతని కళ్ళ ముందే మండింది. అది చూసి అతనికి ఏడుపొచ్చింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాట్ట ఇంకొకడు. మేయర్ గారు శిథిలాలకు వీపు పెట్టి నిలబడి, గిన్నె కూడా పడేలా ఫోటో తియ్యమన్నారు.

సోమవారం నించి కౌన్సిల్ ఆఫీసు తాత్కాలికంగా మెర్వ్ ఇంటి షెడ్డులో పెట్టారు. పొద్దున్నే మెర్వ్ పటాన్ని బల్ల మీద పరిచి, కమిలిపోయిన చట్రం విప్పాడు. చెక్క కింద నూట యాభై ఏళ్ళు దాక్కున్న అక్షరాలు బయటపడ్డాయి. లోర్నా కళ్ళజోడు పెట్టుకుని గట్టిగా చదివింది.

"'ఇక్కడి గుడారాలన్నీ కాలిపోయినవి. మనుషులు క్షేమం. కారణం: వెస్టా.'"

"అంటే అగ్గిపుల్ల," అన్నాడు మెర్వ్.

"మా నాయనమ్మ ఏనాడూ అబద్ధమాడలేదు," అంది లోర్నా.

అంతలో మేయర్ గారు అగ్నిప్రమాద రిపోర్టు ఫారంతో వచ్చారు. లోర్నా పటాన్ని బోర్లా తిప్పింది. ఆయన ఫారం తీసుకొచ్చి సరిగ్గా దాని మీదే పెట్టారు.

"బ్రిగేడ్ తరఫున నువ్వు రాయాలిట. రాయి."

"స్థలం?"

"వెస్టా."

"కారణం?" అని మెర్వ్ కలం ఆపాడు. "ఆరని జ్వాల అని రాయనా?"

"ఛ, ప్రాజెక్టుకి చెడ్డపేరు. మంట అని రాయకు. గ్యాసు అని రాయకు. నా పేరు అసలే రాయకు."

"మరి ఏం రాయను?"

"గౌరవంగా ఉండాలి. దేవత పేరు రాసెయ్."

మెర్వ్ రాశాడు. లోర్నా దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అర్జీ కాలిపోయింది నెవిల్. మళ్ళీ రాసిస్తాను. ఈసారైనా మా సందు పేరు మారుస్తావా?"

"ఎలా మారుస్తాంరా?" అన్నారు మేయర్ గారు ఎంతో జాలిగా. "ఇప్పుడు కౌన్సిల్ ఆఫీసే ఇక్కడుంది. చారిత్రక స్థలం."

మూడు వారాలకు ఫారం నగరం నించి తిరిగొచ్చింది. స్థలం అన్న చోట ఎర్రసిరాతో 'ఏ వెస్టా?' అని రాసి ఉంది. కారణం అన్న చోట కూడా అదే ప్రశ్న. కవరు మీద గొర్రెలు నమిలిన గుర్తులున్నాయి, ముందు వెస్టా రోడ్డుకు వెళ్ళొచ్చింది.