సైకిలు మొత్తం పోతేనే

ఆదివారం పొద్దున్నే భార్య సీతాలును సైకిలు వెనక ఎక్కించుకుని సింహాచలం వెళ్లొద్దామనుకున్నాడు తాతబాబు. అతనిది విశాఖపట్నంలోని మల్కాపురం, పోర్టులో క్రేను నడుపుతాడు. తీరా గుమ్మం దిగి చూస్తే సైకిలు ఉంది గానీ దాని సీటు, డైనమో, బెల్లు లేవు.

అతను తిన్నగా పక్కవీధిలో ఉండే, ఆ సైకిలుకు బీమా చేసిన ఏజెంటు భీమశంకరరావు ఇంటికి వెళ్లాడు. ఆయన గోదావరి జిల్లా నుంచి వచ్చిన మర్యాదస్తుడు.

"విడి సామాన్లు పోతే ఏమీ రాదండి. సైకిలు మొత్తం పోతేనే వస్తుంది. అదైనా పాలసీలో రాసిన హద్దు వరకే. మీరు వాడిన రెండేళ్ల అరుగుదల అందులోంచి తీసేస్తారు."

"మరి నా సీటు సంగతేటండీ?"

"సైకిలుతో పాటే పోయుంటే అదీ లెక్కలోకి వచ్చేదండి. దొంగ తొందరపడ్డాడు."

ఇంటికొచ్చి ఈ మాట చెబితే బావమరిది కొండలరావు చాలాసేపు ఆలోచించాడు. "అయితే మొత్తం పోగొట్టీ బావా."

"సీటు లేని సైకిలు ఎవుడెత్తుకెల్తాడ్రా?"

"అదీ నిజమే. ముందు సీటెయ్యి."

తాతబాబు అప్పు చేసి సీటు వేయించాడు. దొంగకు ఆశ పుట్టాలని డైనమో, బెల్లు కూడా పెట్టించి, తాళం వేయకుండా బజారులో వదిలేశాడు. సాయంత్రం వెళ్లి చూస్తే చేపలమ్మే అప్పాయమ్మ సైకిలును పట్టుకుని కూర్చుని ఉంది.

"తాళం మర్సిపోనావు బాబూ. ఎవుడైనా ఎత్తుకెలిపోతాడని బేరం మానీసి కూకున్నాను."

ఆమె బుట్టలో మిగిలిన చేపలన్నీ అతను కొనక తప్పలేదు. సీతాలు రెండు రోజులు పులుసే పెట్టింది.

మర్నాడు రిఫైనరీ గేటు దగ్గర వదిలితే, వాచ్‌మన్ తన సొంత గొలుసు తెచ్చి కట్టేశాడు. సైకిలు మరీ పాతగా ఉండబట్టే ఎవరూ ముట్టుకోవడం లేదని కొండలరావు తేల్చాడు. దానికి ఎర్రరంగు వేయించారు. సీతాలుకు అది ఎంత నచ్చిందంటే, "ఇప్పుడు సింహాచలం ఎల్దారి" అంది.

కొండ కింద సైకిలు పెట్టి, దర్శనం చేసుకుని దిగేసరికి అది లేదు. సీతాలు కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇన్నాళ్లూ ఇదే కోరుకున్న తాతబాబు కూడా ఎందుకో కొండ కిందంతా రెండుసార్లు వెతికాడు.

పోలీసు రిపోర్టు ఇచ్చాక క్లెయిము వచ్చింది. హద్దులోంచి అరుగుదల పోయింది. కొత్త రంగు, కొత్త సామాన్లు పాలసీ తరవాతవి కాబట్టి వాటికేమీ ఇవ్వలేదు. వచ్చిన సొమ్ము సీటు, డైనమో, రంగు కోసం చేసిన అప్పుకే చాలలేదు.

ఆ నెల నుంచి తాతబాబు పోర్టుకు నడిచే వెళుతున్నాడు. ఒకరోజు వెనక బెల్లు మోగింది. ఎర్ర సైకిలు మీద ఎవరో కొత్త మనిషి ఆగాడు.

"పోర్టుకేనా అన్నా? ఎక్కు. మొన్న సంతలో సవగ్గా దొరికింది."

తన సైకిలేనని అంటే బీమా డబ్బు తిరిగి కట్టాలి. తాతబాబు వెనక ఎక్కి కూర్చున్నాడు. గేటు దగ్గర దిగాక అడిగాడు.

"దీనికి బీమా సేయించావా?"

"నేదు అన్నా. సేయించమంటావా?"

"వద్దు. తాళం ఎయ్యి, సాలు."