నాలుగో దెబ్బకు నవ్వు

ఫోనులోకి రికార్డు చేసిన చప్పుడు ఇక ఇంట్లో వినబడదన్న సంగతి మా ఊళ్ళో చంటిపిల్లలకూ తెలుసు. ఒకే చప్పుడు రెండు చోట్ల ఉండకూడదని మున్సిపాలిటీ తీర్మానం. దాని కరపత్రం గోడగోడకూ అంటించారు. సూరిబాబు కూడా చదివాడు. చదివి, కరెంటు మీటర్ల రీడింగు తీసుకునే తనలాంటివాడికి దీంతో పనేమిటనుకున్నాడు.

పని పడింది. నలభై రెండో ఏట అతనికి దరువులు కట్టాలన్న సరదా పుట్టింది. చిన్నప్పుడు బల్ల మీద వాయించి, మాస్టారి చేత వీపు మీద వాయించుకున్న మనిషే. ఫోనులో దరువులు కట్టే యాప్ ఒకటి దించుకున్నాడు. వాయిద్యాలేవీ కొనకండి, ఇంట్లో ఉన్న చప్పుళ్ళతో మొదలుపెట్టండి, నాలుగు దెబ్బలు అదే వరసలో తిరుగుతుంటే చాలు, అన్నది అందులో మొదటి పాఠం.

మొదటి దెబ్బకు వీధి తలుపు కిర్రును తీసుకున్నాడు. తలుపు ఆ పూటనుంచి నోరు మూసుకుంది. "నూనె పొయ్యమని ఆరేళ్ళుగా మొత్తుకుంటున్నాను. పోనీలెండి, ఇలాగైనా పీడ వదిలింది" అంది అతని భార్య మంగతాయారు. రెండో దెబ్బకు రోట్లో అల్లం దంచే చప్పుడు తీసుకున్నాడు. అల్లం నలిగితే చాలు, వినబడకపోతేనేం అనుకుంది ఆవిడ. మూడో దెబ్బ దగ్గరే కొంప ముంచాడు. కుక్కరు కూత తీసుకున్నాడు.

మూడు కూతలకు పప్పు దించడం ఆ ఇంటి ఆచారం. మంగతాయారు పెరట్లో బట్టలారేస్తూ చెవితోనే వంట చేసే మనిషి. ఆ రోజు చెవికి ఒక్క కూతా అందలేదు. ఆరేసి వచ్చేసరికి కుక్కరు అడుగున బొగ్గు మిగిలింది.

"మీ దరువు తగలెయ్య, ఇక పప్పెలా వండమంటారండీ?"

"ఎదురుగా నిలబడి ఆవిరి లెక్కపెట్టుకో."

నిలబడింది. ఎంతైనా ఓర్పు గల మనిషి.

నాలుగో దెబ్బే కుదరలేదు. డబ్బా మూత కొట్టాడు, చిటికె వేశాడు. అవి రెండూ ఉత్తపుణ్యానికి మూగపోయాయి గానీ దరువులో అతకలేదు. ఓ మధ్యాహ్నం హెడ్‌ఫోన్లు తగిలించుకుని తల ఊపుతూ, ఉప్పనుకుని మజ్జిగన్నంలో పంచదార కలుపుకు తిని, "ఈ ఉప్పేమిటి తియ్యగా ఉంది?" అన్నాడు. మంగతాయారు పగలబడి నవ్వింది. వేడి నూనెలో ఆవాలు పడ్డట్టు చిటపటలాడే నవ్వు ఆవిడది. పద్దెనిమిదేళ్ళ కిందట పెళ్ళిచూపుల్లో పక్కగదిలోంచి ఆ నవ్వు విని, మనిషిని చూడకముందే సరేనన్నవాడు సూరిబాబు. అయినా అలవాటు కొద్దీ అతని బొటనవేలు ఎర్ర బొత్తాం నొక్కేసింది.

దరువు బ్రహ్మాండంగా కుదిరింది. ఆ సాయంత్రం పక్కింటావిడ ఏదో చెబితే మంగతాయారు నోరు తెరుచుకుంది, భుజాలు ఊగాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, చప్పుడు మాత్రం లేదు. ఏడుస్తోందనుకుని పక్కింటావిడ ఓదార్చింది. గుమ్మంలోంచి చూసిన సూరిబాబుకు తను తీసుకున్నదేమిటో అప్పుడు తెలిసింది.

మర్నాడు సెలవు చీటీ పెట్టి, ఆవిణ్ణి వెంటబెట్టుకుని మున్సిపాలిటీలో చప్పుళ్ళ విభాగానికి వెళ్ళాడు. అక్కడి పిలుపు గంటను ఎవరో ఎప్పుడో దరువులో పెట్టేసుకున్నారు గనక బంట్రోతు పచ్చగుడ్డ ఊపి లోపలికి పంపాడు. గుమాస్తా కామేశం ఆరో నంబరు ఫారం తీశాడు.

"నవ్వు పెళ్ళికి ముందుదా, తర్వాతదా?"

"ముందునుంచీ ఉన్నదేనండి" అంది మంగతాయారు.

"అయితే పుట్టింటిదని రాస్తాను. చూడండి బాబూ, దరువు మొత్తం చెరిపేస్తే ఎక్కడి చప్పుళ్ళు అక్కడికి వెళ్ళిపోతాయి. ఒక్క నవ్వే కావాలంటే కుదరదు. దరువు పూర్తయిన మర్నాడు ఐదింటిలోపు చెరపాలి. దాటితే ఫోను పేరన శాశ్వతంగా నమోదైపోతుంది."

గోడ గడియారం టిక్కుమనకుండా నాలుగూ నలభై చూపిస్తోంది. సూరిబాబు ముందూ వెనకా ఆలోచించలేదు. దరువు పోతే పోయింది, ఆ నవ్వు లేని కొంపలో తనుండలేడు. చెరిపే బొత్తాం మీద వేలు పెట్టాడు.

"ఉండండి. ఇంతకీ ఏం కట్టారో నాకోసారి వినిపించరా?" అంది మంగతాయారు.

అదీ న్యాయమే. హెడ్‌ఫోన్లు ఆవిడ చెవులకు తగిలించాడు. కిర్రు, దంపు, కూత, నవ్వు. ఆవిడ కళ్ళు పెద్దవి చేసింది.

"నా నవ్వు ఇంత బాగుంటుందాండీ? నవ్వే పనిలో ఉండి ఎప్పుడూ వినలేదు. ఇంకోసారి పెట్టండి."

పెట్టాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ పెట్టాడు. అతను చేసినదాన్ని ఆవిడ అడిగి మరీ వినడం అదే మొదలు, ఎలా కాదంటాడు? కామేశం కూడా ఓ చెవి పెట్టి కాలు ఆడించాడు. తలెత్తి చూసేసరికి ఐదూ రెండు. కామేశం ఫారం మీద ముద్ర వేశాడు. ఆ ముద్రకూ చప్పుడు లేదు.

ఇప్పుడు వాళ్ళింట్లో ఏ లోటూ లేదు. ఫోనులో కూత మూడుసార్లు నొక్కి మరీ పప్పు దించుతున్నారు, ఆచారం తప్పలేదు. మిగతా ఇళ్ళల్లో ఎప్పటినుంచో ఇంతేనట. చుట్టాలొస్తే వరసగా కూర్చుని, ఎవరి ఫోను వాళ్ళు తీసి, నవ్వాల్సిన చోట నొక్కుతారు.

మొన్న ఆదివారం సూరిబాబు మళ్ళీ మజ్జిగన్నంలో పంచదార కలుపుకున్నాడు, ఈసారి కావాలనే. కలుపుకుని ఆవిడ వంక ఆశగా చూశాడు. మంగతాయారు ఫోను అందుకుని చూసింది.

"చార్జింగు లేదండి. పెట్టి, కాసేపాగి నవ్వుతాను."

సూరిబాబు సరేనని, తియ్యటి మజ్జిగన్నం తింటూ కూర్చున్నాడు.