పసుపు అంటిన దొంగలు

బతుకమ్మ పండుగ పొద్దున ఇమాం పాషా వేసుకున్న పథకం చాలా చిన్నది. దొంగను పట్టుకోవాలి, వచ్చి నాష్తా చేయాలి. మార్కెట్‌కు సెలవు కాబట్టి తొందరేమీ లేదు.

దొంగ అంటే మనిషి కాదు, తేనెటీగ. వానలు వెనకబట్టాక తేనె ఇచ్చే పూలు తక్కువ. ఈగలు తక్కువున్న బక్క తేనెపెట్టెలకు చక్కెర పాకం పోసి, కంది పూత దాకా ఎలాగో బతికించుకోవాలి. వరంగల్ కాశిబుగ్గ తేనెటీగల క్లబ్బుకు అధ్యక్షుడైన పాషా కూడా పెరట్లోని చిన్న పెట్టెకు అదే చేస్తున్నాడు. కానీ పోసిన పాకం పోసినట్టే మాయమవుతోంది, అందులోని గుప్పెడు ఈగలు మాత్రం మాడిపోతున్నాయి. ఏదో బలిసిన పెట్టె ఈగలు వచ్చి దోచుకుపోతున్నాయన్నమాట. ఇంకొన్నాళ్లు ఇలాగే సాగితే ఆ పెట్టె దక్కదు. అది తలచుకుంటే ఆయనకు ముద్ద దిగడం లేదు.

దొంగల ఇల్లు కనిపెట్టడానికి క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. దోచుకుని బయటికొచ్చే ఈగల మీద పిండి చల్లి, ఆ తెల్లటి ఈగలు ఎవరి పెట్టెలో దూరుతాయో చూడడం. పాషాకు పిండి ఆనలేదు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి రంగు చూసి రకం చెప్పే మనిషి ఆయన. తెలుపు కూడా ఒక రంగేనా? వంటింట్లోంచి పసుపు డబ్బా ఎత్తుకొచ్చి చల్లేశాడు.

ముఖానికి వల కట్టుకుని వీధి చివర కట్టయ్య మిద్దె ఎక్కాడు. కట్టయ్య క్లబ్బు కార్యదర్శి, చిన్ననాటి దోస్తు. ఆయన పెట్టెలోకి పసుపు ఈగలు బారులు తీరి దూరుతున్నాయి.

"కట్టన్నా! నీ ఈగలు నా బక్క పెట్టెను లూటీ చేస్తానయ్!"

"పండుగ పూట ఏం మాటలు భాయ్! నా ఈగలు నీ గడప సుత తొక్కలే."

"మరి ఈ పసుపేంది?"

"పచ్చకామెర్లోనికి లోకమంత పచ్చగనే కనవడ్తదట. జర దవాఖానకు పో!"

మాటా మాటా పెరిగింది. ఇక తన ముఖం చూడొద్దన్నాడు కట్టయ్య. పాషా న్యాయం కోసం క్లబ్బు సభ్యురాలు సుభాషిణి ఇంటికి పరిగెత్తాడు. అక్కడా పసుపు ఈగలే. ఇంకో సభ్యుడు మహిపాల్ ఇంట్లోనూ అవే. ఒక్క డబ్బా పసుపు ఇంతమందికి ఎలా సరిపోయిందో ఆయనకు అంతుపట్టలేదు. క్లబ్బంతా కూడబలుక్కుని దోస్తోందన్న ఒక్క జవాబే తోచింది. ఆ మాటే వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కాసేపట్లో క్లబ్బంతా ఆయన పెరట్లో ఉంది. మహిపాల్ అయితే రాజీనామా నోటితోనే ఇచ్చేశాడు.

లోపలినుంచి భార్య జన్నత్ బీ కొడుకు పేరు కలిపి కేకేసింది. "ఓ మజర్ అబ్బా, పసుపు డబ్బా ఏది? కూర తెల్లగ ఉడుకుతాంది!"

బతుకమ్మ పేర్చడం మధ్యలో వదిలి వచ్చిన సుభాషిణి ఆ మాట విని పకపకా నవ్వింది.

"పాషా అన్నా, ఇయ్యాల ఊరంత తంగేడు, బంతి. ఏ ఈగకు పసుపు లేదు చెప్పు? గది పుప్పొడి!"

"అయితే ఎవ్వరి ఈగలు దొంగలు కావా?"

"కావని ఎట్ల చెప్తం? తంగేడుల పుప్పొడే గని తేనె ఉండది. ఆకలైతే దోస్తయ్."

పాషాకు ఉన్న కాస్త మతీ పోయింది. కట్టయ్య విసురుగా వెళ్లి పాషా స్నానాలగది గూట్లోంచి బట్టలకు పెట్టే నీలిమందు పొడి పట్టుకొచ్చాడు.

"గీ రంగు పుప్పొడి వరంగల్ల ఉంటే చూపియ్యుండ్రి!"

చిన్న పెట్టెలోంచి బయటికొచ్చే ఈగల మీద దాన్ని చల్లారు. ఎవరి పెట్టెల దగ్గరికి వాళ్లు పోయి కాపలా కూర్చున్నారు. ఒకటొకటిగా ఫోన్లు వచ్చాయి. సుభాషిణి దగ్గర నీలం లేదు. మహిపాల్ దగ్గరా లేదు. అందరికంటే చివర కట్టయ్య చేశాడు.

"ఒక్కటి లేదు. వీడియో తీసి పెట్టిన. ఇగ మాఫీ అడుగు."

పాషాకు కళ్లు తిరిగాయి. దొంగలున్నాయి, దొంగల ఇల్లే లేదు. గాలి పోసుకుందామని తన మిద్దె ఎక్కాడు. అక్కడ ఆయన పెద్ద పెట్టె ఉంది. పిడికెడు చక్కెర పెట్టకున్నా రోజురోజుకూ బరువెక్కుతోందని ప్రతి మీటింగులో ఆయన మురిసిపోయే పెట్టె. దాని గుమ్మం మీద నీలం ఈగలు ఒకదాని వెంట ఒకటి దర్జాగా దిగుతున్నాయి.

పాషా కిందికి దిగి, లోపలి ఈగలు దొంగల్ని ఆపగలిగేలా చిన్న పెట్టె గుమ్మాన్ని ఒక్క ఈగ మాత్రమే పట్టేంత ఇరుకుగా మైనంతో మూసి, తల వంచుకుని కట్టయ్య ఇంటికి నడిచాడు.

"దొరికిండా దొంగ?"

"దొరికిండన్నా."

"ఎవని పెట్టె?"

"అధ్యక్షునిది."

కట్టయ్య నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసే చిన్న పెట్టెకు పాకం పోశారు. తెల్లారి చూస్తే సగం పాకం అలాగే ఉంది, లోపల ఈగలు హాయిగా జుంయ్‌మంటున్నాయి. పాషాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆదివారం మీటింగులో క్లబ్బు, దొంగను పట్టుకున్నందుకు అధ్యక్షుడికి శాలువా కప్పి, దొంగను పెంచినందుకు ఆయన చేతికే సంజాయిషీ నోటీసు ఇచ్చింది.