నిశ్చింత ఖాతాదారు నంబర్ ఒకటి

విదేశీ బ్యాంకు మూతపడినందువల్ల దేశంలో ఎవరూ కంగారు పడటం లేదని ఆర్థిక మంత్రిగారు సోమవారం ఉదయం ఎనిమిదింటికి ప్రకటించారు. పొరపాటున ఎవరైనా పడుతూ ఉంటే తొమ్మిదింటికల్లా మానెయ్యాలని, బ్యాంకులు తెరిచేది పదింటికి కనుక కుదుటపడటానికి గంట వ్యవధి ఉంటుందని కూడా సెలవిచ్చారు. మంత్రిగారి ముందుచూపు అలాంటిది.

ఆ ప్రకటన టీవీలో వచ్చేటప్పటికి కొత్తకోడలు టీ వడపోస్తోంది. పెళ్లై నలభై రోజులు. ఈ నలభై రోజుల్లో ఆమెకు సంతోషం కలిగించని వస్తువు ఆ ఇంట్లో ఒక్కటీ లేదు. మూత సరిగ్గా పట్టే పంచదార డబ్బా, భర్త చొక్కా జేబులో మర్చిపోయిన బుల్లి స్క్రూడ్రైవరు, స్నానాల గది గడియ పడేటప్పుడు టిక్కుమనే చప్పుడు, అన్నీ ముద్దొచ్చేవే. అలాంటి మనిషి ఆ పూట గ్లాసు వైపు చూడటం మర్చిపోయి, టీవీ వైపే చూస్తూ వడపోసింది. లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు వేసి ఆరేళ్లుగా కూడబెట్టుకున్న డబ్బంతా ఆ బ్యాంకులోనే ఉంది.

ఉంది అనడం కూడా పూర్తి నిజం కాదు. గురువారం నాడు అందులోంచి, అద్దెకు తీసుకోబోయే ఇంటి అడ్వాన్సు ట్రాన్స్‌ఫర్ చేసింది. శుక్రవారం విదేశంలో బ్యాంకు మూతపడింది. డబ్బు ఆమె ఖాతాలోంచి దిగింది, ఇల్లుగలావిడ ఖాతాలోకి ఎక్కలేదు.

"అమ్మాయ్, టీ గ్లాసులో పొయ్యాలి. గట్టు మీద కాదు" అంది అత్తగారు.

"శనివారం మధ్యాహ్నం పన్నెండు దాటితే ఇల్లు వేరేవాళ్లకి ఇచ్చేస్తానంది అత్తయ్యా."

"భయం లేదని మంత్రిగారు చెబుతున్నారుగా" అన్నాడు భర్త. అతను లిఫ్టుల మెకానిక్కు.

"మీ లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలివాళ్లకి ఏం చెబుతారు?" అని అడిగింది అతని భార్య.

"భయం లేదని చెబుతాం."

"అంటే కదులుతుందా?"

"కదలదు. కానీ అరవడం మానేస్తారు."

వాళ్లు తీసుకోబోతున్నది రెండు గదులూ ఒక వంటిల్లూ. ఇప్పుడున్నవీ రెండు గదులే. కాకపోతే వాటిలో అత్తగారు, మరిది, వీళ్లిద్దరూ ఉంటారు. మధ్యలో బీరువా గోడ. బీరువా అవతల మరిది పోటీ పరీక్షలకు చదువుతుంటాడు. పైకి చదివితేనే బుర్రకెక్కుతుందంటాడు. ఆ కారణంగా భార్యాభర్తలు ఏ మాట చెప్పుకోవాలన్నా ప్రపంచ దేశాల రాజధానుల మధ్య ఖాళీ చూసుకుని చెప్పుకోవాలి. కొత్త ఇంట్లో బీరువా గోడకు ఆనించి పెట్టుకోవచ్చు. దాని గురించే ఆమె రోజూ కలగంటోంది.

పదింటికి ఆమె బ్యాంకు ముందు వరుసలో నిలబడింది. ముందు అరవైమంది ఉన్నారు. లోపలికి వెళ్లేసరికి పన్నెండైంది. మేనేజరు మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు, ఏసీ తగ్గించమంటారా అని అడిగాడు.

"నా ట్రాన్స్‌ఫర్ ఎక్కడుందండీ?"

"దారిలో ఉంది మేడమ్."

"ఏ దారిలో? ఇల్లుగలావిడ బ్యాంకు అదిగో, రోడ్డవతల. మీ అద్దంలోంచి బోర్డు కనిపిస్తోంది."

"మనకి కనిపిస్తుంది మేడమ్, సిస్టమ్‌కి కనిపించదు. ఏ ట్రాన్స్‌ఫరైనా సముద్రం దాటి హెడ్డాఫీసుకి వెళ్లి రావాలి."

"హెడ్డాఫీసు మూసేశారు కదా."

"మీది గురువారం వెళ్లింది. వాళ్లు శుక్రవారం మూశారు. లోపలికి వెళ్లినట్టు మెసేజ్ ఉంది. బయటికి వచ్చినట్టు లేదు."

"పోనీ, నా ఖాతాలో మిగిలిన దాంట్లోంచి ఇవ్వండి. నేనే రోడ్డు దాటి కట్టేస్తాను."

"ఇవ్వడానికి వీల్లేదు మేడమ్, ఆంక్షలున్నాయి."

"సరే, కొత్తగా డబ్బు కడితే వేసుకుంటారా?"

"వేసుకోవడానికీ లేదు."

"మరి బ్యాంకు ఎందుకు తెరిచారండీ?"

"మూస్తే జనం కంగారు పడతారని" అన్నాడు మేనేజరు.

ఆమె బయటికి వచ్చేసరికి డిపాజిటర్ల ధైర్య విభాగం పనిలోకి దిగింది. అంతకు గంట ముందే పుట్టిన విభాగం అది. దానికి ఒక ప్రత్యేకాధికారి, ఒక ఫొటోగ్రాఫరు, ఒక జీపు. వరుసలో నిలబడ్డ జనం ఫొటోలో కంగారుగా కనిపిస్తున్నారని అధికారి కనిపెట్టాడు. వెంటనే షామియానా వాడి దగ్గర్నుంచి కుర్చీలు తెప్పించి అందర్నీ కూచోబెట్టాడు. వరుస కాస్తా సభ అయింది. జనం చేతుల్లోని పాస్‌బుక్కులు తీయించి ఒళ్లో పెట్టించాడు.

"అందరూ కాస్త నమ్మకంగా చూడండి" అన్నాడు ఫొటోగ్రాఫరు.

ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు నమ్మకంగా చూడబోయి దగ్గారు. మిగతావాళ్లకు అది కూడా చేతకాలేదు.

సరిగ్గా అప్పుడే రోడ్డవతల కొత్తకోడలి భర్త కనిపించాడు. పనిలోంచి పర్మిషన్ పెట్టి వచ్చాడు. ఎండలో నిలబడి ఉంటుందని మంచినీళ్ల సీసా తెస్తున్నాడు. దాని మూత ఎక్కడో పడిపోయినట్టుంది. అరచెయ్యి సీసా మూతికి అదిమిపెట్టి, అటొక ఆటోని, ఇటొక స్కూటర్నీ చూసుకుంటూ, గాజుబొమ్మను మోస్తున్నట్టు అడుగులో అడుగేస్తూ దాటుతున్నాడు. లిఫ్టులో ఇరుక్కున్న పదిమందిని ఒంటిచేత్తో దింపే మనిషి, గుక్కెడు నీళ్లు ఒలకకుండా తేవడానికి అవస్థ పడుతుంటే ఆమెకు లోపల ఏదో గిలిగింతలు పెట్టినట్టయింది. నిండుగా, పళ్లన్నీ కనిపించేలా నవ్వింది.

ఫొటోగ్రాఫరు నొక్కేశాడు.

మర్నాడు పత్రికల్లో మొదటి పేజీ అదే. ఆమె నవ్వు, వెనకాల బ్యాంకు అద్దాలు. కింద 'నా డబ్బు భద్రం, నా మనసు నిశ్చింత' అని ఉంది. ఆమె నోరు విప్పకుండానే ఇంత చక్కటి మాట ఆమె చేత చెప్పించిన ఘనత ధైర్య విభాగానిదే.

అత్తగారు పత్రికను కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. "నవ్వు నాలుగు విధాల చేటన్నారు. మూడు నాకు తెలుసు. నాలుగోది ఇదన్నమాట."

"నేను మీ అబ్బాయిని చూసి నవ్వాను అత్తయ్యా."

"వాణ్ణి చూస్తే నాకూ నవ్వొస్తుంది. కానీ బ్యాంకు ముందు నిలబడి నవ్వను."

బుధవారానికి ఆ నవ్వు బస్సుల వెనకాల వెలిసింది. ఆస్పత్రి గోడ ఎక్కింది. లైబ్రరీకి వచ్చిన వాళ్లు పుస్తకం ఇచ్చి ఆమె మొహంలోకి చూసి, "మీరేనా?" అని అడిగి, ఆమె అవునంటే ధైర్యంగా, కాదంటే మరీ ధైర్యంగా వెళ్లిపోతున్నారు. సాయంత్రం ఇల్లుగలావిడ ఫోన్ చేసింది. ఆవిడ ఒకప్పుడు పెద్దాసుపత్రిలో హెడ్‌నర్సు. పేషెంట్లను దబాయించిన గొంతు ఇంకా తగ్గలేదు.

"ఏమ్మా, డబ్బు ఇరుక్కుపోయిందన్నావు. నేను బస్సు వెనకాల రిక్షాలో వస్తున్నాను. అరగంట సేపు నీ పళ్లే చూశాను. డబ్బు భద్రమని అంత పెద్ద అక్షరాలతో రాసి ఉంది."

"అది నేను రాయలేదండీ."

"నవ్వింది నువ్వేనా కాదా?"

"నేనే."

"మరి నా దగ్గరేనా ఏడుపు? శనివారం పన్నెండు. ఒంటిగంట అనుకునేవు, పన్నెండే."

గురువారం ఆమె సెలవు పెట్టి ధైర్య విభాగానికి వెళ్లింది. ప్రత్యేకాధికారి లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. గోడ మీద ఒక చార్టు ఉంది. అందులో 'కంగారు పడుతున్నవారు' అనే గడి ఖాళీగా ఉంది. 'నిశ్చింతగా ఉన్నవారు' అనే గడిలో 'ఒకటి' అని ఉంది.

"ఆ ఒకటీ మీరే" అన్నాడు గర్వంగా.

"నేను కంగారు పడుతున్నానండీ. ఇల్లు పోయేలా ఉంది."

అధికారి మొహం పాలిపోయింది. లేచి తలుపు వేసి వచ్చాడు. "ఈ మాట ఇంకెవరితోనైనా అన్నారా?"

"మా అత్తగారితో అన్నాను."

"ఆవిడ నమ్మదగిన మనిషేనా?"

"నా ట్రాన్స్‌ఫర్ సంగతి చూడండి చాలు. నేను మళ్లీ నవ్వుతాను."

"చూడమ్మా" అన్నాడు అధికారి తండ్రిలా. "మీరు కంగారు పడుతున్నారంటే పోస్టరు అబద్ధమవుతుంది. ప్రభుత్వ పోస్టరు అబద్ధం చెప్పదు. కాబట్టి మీరు కంగారు పడటం లేదు. కంగారు లేని మనిషి ఫిర్యాదు నేనెలా తీసుకోను? మీ ట్రాన్స్‌ఫర్ వచ్చేసిందనుకోండి, అది వేరే సంగతి. కృతజ్ఞత తెలిపే ఫారం ఉంది, అది ఇప్పుడే నింపి పెట్టేసుకోవచ్చు."

ఆమె నింపలేదు. అయినా రేపు మంత్రిగారితో నేరుగా మాట్లాడే ఏర్పాటు చేస్తానని అధికారి మాట ఇచ్చాడు. నిలబెట్టుకున్నాడు కూడా.

శుక్రవారం మంత్రిగారు స్వయంగా బ్యాంకుకు విచ్చేశారు. తన సొంత డబ్బు ఆ బ్యాంకులో వేసి జనానికి దారి చూపడం కార్యక్రమం. తెల్లటి కవరు ఒకటి కౌంటరు లోపలికి అందించబోయారు. క్యాషియరు చేతులు చాచాడు. కెమెరాలు మెరిశాయి. డిపాజిట్లు తీసుకోవడానికి వీల్లేదని మేనేజరు చెవిలో చెప్పాడు. వెయ్యడానికీ వీల్లేదని పీయే ఇంకో చెవిలో చెప్పాడు. ఇద్దరి మాటా ఒకటే అవడంతో కవరు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ జేబులోకే గౌరవంగా చేరింది. చప్పట్లు మోగాయి.

తర్వాత నిశ్చింత ఖాతాదారును పరిచయం చేశారు. భర్త పక్కనే ఉన్నాడు. ఆమె గొంతు సవరించుకుని మొత్తం సంగతి చెప్పేసింది. మంత్రిగారు కళ్లు మూసుకుని విన్నారు.

"ఎంత దూరం వెళ్లాలమ్మా నీ డబ్బు?"

"రోడ్డు దాటాలండీ."

"అంతేనా?" మంత్రిగారు తన వెంట వచ్చిన రోడ్ల ఇంజనీరు వైపు తిరిగారు. "ఇన్నాళ్లూ ఇక్కడ రోడ్డు దాటే సదుపాయం ఎందుకు లేదు?"

గంటన్నరలో రెండు బ్యాంకుల మధ్య జీబ్రా గీతలు పడ్డాయి. తడి ఆరకముందే మంత్రిగారు వాటిని ప్రారంభించి, ట్రాన్స్‌ఫర్లకున్న చివరి అడ్డంకి కూడా తొలగిపోయిందని ప్రకటించారు. దేశంలో కంగారు పూర్తిగా తగ్గిపోయింది కనుక ధైర్య విభాగాన్ని ఇరవైమందికి విస్తరిస్తున్నట్టు చెప్పారు. కొత్తకోడలికి మాత్రం ప్రత్యేకంగా ఒక ఉత్తరం ఇచ్చారు. ఈమె డబ్బు భద్రంగా ఉన్నది, అడ్వాన్సు ముట్టినట్టే భావించవలసినది, అని ఉంది అందులో. కింద ఆకుపచ్చ సిరాతో సంతకం.

శనివారం ఉదయం పదకొండింటికల్లా మొగుడూ పెళ్లామూ ఆ ఉత్తరాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని కొత్త ఇంటికి వెళ్లారు. గంట ముందే వచ్చామని ఆమెకు సంబరంగా ఉంది. మెట్లు ఎక్కుతూ, బీరువా ఏ గోడకు ఆనుతుందో భర్తకు వేలితో గాలిలో గీసి చూపించింది. తలుపు తెరిచే ఉంది.

ఇల్లుగలావిడ గడప దగ్గరే ఉత్తరం తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, పై నుంచి కింది దాకా రెండుసార్లు చదివింది. "సంతకం బాగుంది" అని తిరిగి ఇచ్చేసింది.

"అడ్వాన్సు ముట్టినట్టే అని రాశారండీ" అన్నాడు భర్త.

"చదివాను నాయనా. నలభై ఏళ్లు డాక్టర్ల రాతలు చదివినదాన్ని. పేషెంటు బాగున్నాడని రాసి ఉంటే, మంచం దగ్గరికెళ్లి నాడి చూసేదాన్ని."

"ఇంకా గంట టైముంది కదండీ" అంది ఆమె.

"టైముంది. నువ్వూ మంచిదానివే. కానీ ఈయన పొద్దున్న తొమ్మిదింటికే వచ్చాడు. మూడు నెలల అడ్వాన్సు అడిగితే ఆరు నెలలది ఇస్తున్నాడు."

వంటింట్లోంచి ధైర్య విభాగం ప్రత్యేకాధికారి తొంగిచూశాడు. ఆమెను చూసి చాలా సంతోషించాడు. ఇరవైమందికి పాత గది చాలడం లేదని, బ్యాంకుకు దగ్గరలో దొరికింది ఇదొక్కటేనని, ముందు గదిలో ఫొటో విభాగం, వెనక గదిలో పోస్టర్ల విభాగం పెడుతున్నామని వివరించాడు. వంటింటి గట్టు మీద రబ్బరుబ్యాండ్లు వేసిన నోట్ల కట్టలు పేర్చి ఉన్నాయి. ఇల్లుగలావిడ వేలు తడిచేసుకుని, ఆపిన చోటు నుంచి లెక్క అందుకుంది.

"ఇంత డబ్బు చేతుల్లో మోసుకొచ్చారా?" అన్నాడు భర్త. "బ్యాంకు ద్వారా పంపితే సరిపోయేది కదా సార్."

అధికారి గొంతు తగ్గించాడు. "ప్రభుత్వ సొమ్ము బాబూ. దాంతో ధైర్యం చెయ్యకూడదు."

లెక్క సరిపోయింది. అధికారి సంచిలోంచి అద్దె ఒప్పందం తీసి గట్టు మీద పరిచాడు. తను సంతకం పెట్టాడు, ఇల్లుగలావిడ పెట్టింది. సాక్షులిద్దరు కావాలి. శనివారం కావడంతో ఆఫీసువాళ్లెవరూ రాలేదు.

"మీరిద్దరూ పెట్టండమ్మా" అన్నాడు. "మీ మొహం తెలియనివాళ్లు లేరు."

ఆమె ఒప్పందం మొత్తం చదివింది. రెండు గదులు, ఒక వంటిల్లు అని ఉన్న చోట కాసేపు ఆగింది. తర్వాత కలం అందుకుని మొదటి సాక్షిగా సంతకం పెట్టింది. భర్త రెండో సాక్షిగా దాని పక్కనే పెట్టాడు. ఇద్దరి పేర్లూ ఒకే కాగితం మీద పడటం, పెళ్లి రిజిస్టరు తర్వాత, అదే మొదటిసారి.