మూడున్నరో అంతస్తులో ఆరో భాగం

ఆ రోజు ఉదయం లిఫ్టు మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. స్కూటరెక్కి పనికి వెళ్తున్నట్టు బయల్దేరాలి, ‘మిణుగురు మనిషి’ ఆరో భాగం మొదటి ఆట చూడాలి, పనిచేసి అలిసిపోయినవాడిలా మొహం పెట్టుకుని ఇంటికి రావాలి. టికెట్ ముందే కొని ఫోనులో దాచుకున్నాడు. ఇబ్బందల్లా ఒక్కటే. ఆ సినిమా చూడనని కూతురికి మాటిచ్చాడు.

తండ్రీకూతుళ్ళు మొదటి భాగం చూసేనాటికి అమ్మాయికి పాలపళ్ళు ఊడుతున్నాయి. విలన్ కనబడినప్పుడల్లా తండ్రి చిటికెన వేలు పట్టుకునేది. అప్పటినుంచి వచ్చిన ప్రతి భాగాన్నీ పక్కపక్కనే కూర్చుని చూశారు. ఒక భాగానికీ ఇంకో భాగానికీ మధ్య ఉన్న కాలమంతా పాతదాన్ని తలుచుకోవడానికీ, రాబోయేదాని గురించి వాదించుకోవడానికీ సరిపోయేది. మూడో భాగం దాకా బాగానే నడిచింది. నాలుగోదాంట్లో చచ్చిపోయిన విలన్‌కు కవల తమ్ముడు పుట్టుకొచ్చాడు. ఐదోదాంట్లో ఆ కవలలకే మూడోవాడు ఉన్నాడని తేలింది.

ఇప్పుడు చిన్నపిల్లల బడిలో టీచరుగా ఉన్న అమ్మాయి, హాల్లోంచి బయటికొస్తూనే తీర్పు చెప్పేసింది. “మనం కొంటున్నంత కాలం వాళ్ళు ఇలాగే తీస్తారు నాన్నా. తిట్టుకుంటూ కొన్నా టికెట్ టికెట్టే కదా. ఆరోది వస్తే చూడొద్దు. నామీద ఒట్టు.”

మెకానిక్ సరేనన్నాడు. అనక తప్పదు. పాడైపోయిన లిఫ్టుకు అతుకుల మీద అతుకులు వేయిస్తూ డబ్బు తగలెయ్యొద్దని ఊరందరికీ చెప్పే మనిషి అతనే. తీరా ఒట్టేసుకున్నాక తెలిసిందేమిటంటే, ఆ సినిమాలు తీసేస్తే తండ్రీకూతుళ్ళకు మాట్లాడుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. భోజనాల దగ్గర సంభాషణ “ఉప్పు ఇటివ్వు” దగ్గర మొదలై “చాలు” దగ్గర ముగిసేది. ఆ వెలితి అతన్ని లోలోపల తినేస్తూనే ఉంది.

“ఆసుపత్రి లిఫ్టు మొరాయించిందట. మధ్యాహ్నం దాకా పడుతుంది,” అన్నాడు చెప్పులు వేసుకుంటూ.

“జాగ్రత్త నాన్నా,” అని కూతురు సంచి భుజాన తగిలించుకుని బడికి వెళ్ళిపోయింది. ఆ జాగ్రత్త అతనికి ముల్లులా గుచ్చుకుంది.

వంటింట్లోంచి భార్య తొంగిచూసింది. “ఆసుపత్రికేనా? అయితే అక్కను కూడా తీసుకెళ్ళండి. మోకాళ్ళు చూపించుకోవాలని ఎన్నాళ్ళ నుంచో అంటోంది.”

భార్య అక్క, అంటే అతని వదిన, కొన్నాళ్ళు ఉండి వెళ్దామని వచ్చిన మనిషి. అప్పటికే చేతిసంచితో గుమ్మంలో నిలబడి ఉంది.

“లిఫ్టు లేదంటున్నానా. మోకాళ్ళ డాక్టరు పై అంతస్తులో ఉంటాడు.”

“మీరు బాగుచేశాకే ఎక్కుతుంది.”

“ఇది ఆ ఆసుపత్రి కాదు. కళ్ళాసుపత్రి.”

“మరీ మంచిది మరిదిగారూ,” అంది వదిన. “నాకు కళ్ళు కూడా మసకే.”

అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు. మెకానిక్ అబద్ధం మరీ ఎక్కువ అతికింది. ఇప్పుడది స్కూటరు వెనకసీటు మీద కూర్చుని భుజం పట్టుకుంది.

రెండు వీధులు దాటాక ఇక దాచలేక నిజం కక్కేశాడు. వదిన ఏమీ ఆశ్చర్యపోలేదు. “నన్నూ తీసుకెళ్తే ఎవరికీ చెప్పను,” అంది.

“ముందు భాగాలు చూడకపోతే ఇది అర్థం కాదు వదినా.”

“అన్నీ చూశారుగా, మీకేం అర్థమైంది?”

మెకానిక్ స్కూటరు ఆపి ఫోను తీశాడు. అతని పక్క సీటు ఒక్కటే మిగిలి ఉండటం అతని ఖర్మ. ఒక్క టికెట్ కూడా కొననన్న మనిషి రెండు కొన్నాడు.

సినిమా హాలు నాలుగో అంతస్తులో ఉంది. కింద గుమ్మం దగ్గర వచ్చినవాళ్ళందరికీ మిణుగురు ముఖం ఉన్న అట్ట ముసుగులు పంచుతున్నారు. దొంగతనంగా వచ్చినవాడికి అంతకన్నా ఏం కావాలి? మెకానిక్ తనకొకటి, వదినకొకటి తగిలించాడు. పక్కనే నిలువెత్తు మిణుగురు మనిషి బొమ్మ, వీపు మీద దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. దాన్ని చూస్తే అతనికి ఒళ్ళు మండింది. ఈ హాలు లిఫ్టు చూసేదీ అతనే. తలుపు మూసుకుందని లిఫ్టుకు తెలియజేసే కాంటాక్టులు అరిగిపోయాయి, మార్చాలి అని మొన్ననే మేనేజరుకు చెప్పాడు. “ముందు సినిమా రానివ్వండి,” అన్న మేనేజరు, ఆ డబ్బుతో ఈ బొమ్మ పెట్టించాడు.

మెట్లెక్కుదామంటే వదిన మోకాళ్ళు ఒప్పుకోవు. అందరితో పాటు లిఫ్టులోకి దూరి, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. లోపల ఇసుక వేస్తే రాలనంత మంది, అందరూ మిణుగురులే. లిఫ్టు మూడో అంతస్తు దాటింది, ఒకసారి మూలిగింది, ఆగిపోయింది.

మెకానిక్‌కు జబ్బూ తెలుసు, మందూ తెలుసు. తలుపు రెక్కను ఎడమ అరచేత్తో గట్టిగా అదిమిపట్టి మళ్ళీ బటన్ నొక్కితే చాలు, బండి కదులుతుంది. జనాన్ని తప్పించుకుని ముందుకు వెళ్ళబోతుండగా ఫోను మోగింది. మొదటి భాగంలోని పాట. సగం మంది ఎవరి జేబులు వాళ్ళు తడుముకున్నారు.

“మా లిఫ్టు ఆగిపోయింది. లోపల జనం ఉన్నారు. ఎక్కడున్నారు మీరు?” మేనేజరు గొంతు.

పొద్దుటినుంచి ఒకే మాటకు అలవాటుపడిన నాలుక ఊరుకోలేదు. “కళ్ళాసుపత్రిలో ఉన్నాను,” అనేశాడు.

పాప్‌కార్న్ డబ్బా కావలించుకున్న లావుపాటి మిణుగురు ఇటు తిరిగింది. “ఇది కళ్ళాసుపత్రా సార్? నేను సినిమా అనుకుని ఎక్కానే.”

లిఫ్టంతా నవ్వింది. మెకానిక్ ఫోను పూర్తిగా ఆపేసి జేబులో కుక్కుకున్నాడు. అది ఇంకో పొరపాటు. మేనేజరు అతని ఇంటికి ఫోను చేశాడు. భార్య కళ్ళాసుపత్రికి చేసింది. మా లిఫ్టుకేం, లక్షణంగా తిరుగుతోంది, మీవాళ్ళెవరూ రాలేదు అన్నారు వాళ్ళు. మొగుడు, అక్క, ఇద్దరూ కనబడకపోతే ఏ ఇల్లాలైనా ఏం చేస్తుంది? కూతురికి చేసింది.

ఫోను లిఫ్టులోనే, తలుపు పక్కన మోగింది.

“అమ్మా, నేను బడిలో ఉన్నాను. పాఠం చెప్తున్నాను,” అంది తలుపు దగ్గరి మిణుగురు లోగొంతుతో. “పెద్దమ్మ కూడానా? కంగారుపడకు. నేను చూస్తాలే.”

“బడి కూడా ఇక్కడే అన్నమాట,” అన్నాడు పాప్‌కార్న్ మనిషి.

వదిన ముసుగు పైకెత్తి చెవి రిక్కించింది. “మరిదిగారూ, మన పాప గొంతులా లేదూ?”

మెకానిక్ వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. తలుపు దాకా వెళ్ళాలంటే కూతురి పక్కనే నిలబడాలి. వెళ్ళకపోతే ఇంతమందీ ఉక్కపోతలో ఉడకాలి. చిన్నప్పుడు సెలవు రోజుల్లో అతని పనిముట్ల సంచి మోసిన పిల్ల అది. ముసుగు ఉన్నా, ఆ అరచెయ్యి తలుపు మీద పడగానే గుర్తుపడుతుంది. తన మాటను నమ్మిన మనిషి ఈ లోకంలో అదొక్కతే, ఇప్పుడు అదీ పోతుంది. కాసేపు గోడకు అంటుకునే ఉండిపోయాడు.

“నా మోకాళ్ళు ఇక ఆగవు,” అంది వదిన. “మీ పని మీరు చెయ్యండి.”

వెళ్ళాడు. ఎడమ అరచేత్తో రెక్కను అదిమాడు. లిఫ్టు కదిలింది.

“నాన్నా,” అంది పక్కనున్న మిణుగురు మెల్లగా.

నాలుగో అంతస్తు వరండాలో ముగ్గురూ ముసుగులు తీశారు. ఎవరు ముందు తిట్టాలో తెలియక కాసేపు ఎవరూ తిట్టలేదు. అమ్మాయి ముందు వాళ్ళమ్మకు ఫోను చేసి, నాన్నా పెద్దమ్మా దొరికారు, బాగానే ఉన్నారు అని చెప్పింది. తర్వాత తలొంచుకుంది.

“ఆసుపత్రి అన్నప్పుడే నువ్వని తెలిసింది నాన్నా. కానీ నేనూ బడిలో ఉన్నాను కదా.”

“నువ్వెందుకొచ్చావు మరి?”

“నీ చేత అనవసరంగా ఒట్టు వేయించాననిపించింది. నువ్వసలు మాట్లాడటమే మానేశావు. ముందు నేనొక్కదాన్నే చూసి, బాగుంటే ఒట్టు తీసేసి నిన్ను తీసుకొద్దామనుకున్నాను. బాగోకపోతే నీకు చెప్పకుండా ఊరుకుందామనుకున్నాను.”

మెకానిక్ వెంటనే అందుకున్నాడు. “నేనూ అందుకే వచ్చాను.”

“నాకలా చెప్పలేదే,” అంది వదిన.

ఆ క్షణంలో అతనికి కలిగిన సిగ్గు ఇంతా అంతా కాదు. కూతురు అతనికోసం వచ్చింది. అతను తనకోసం వచ్చాడు. పొద్దున్న గుమ్మంలోనే, చెప్పులు వేసుకుంటూ, “పాపా, పోదామా?” అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

టికెట్లు విడివిడిగా కొన్నందుకు శిక్ష లోపల పడింది. కూతురి సీటు ఎక్కడో ముందు వరసలో, చివరన. మొదటి భాగం నుంచీ వాళ్ళిద్దరూ ప్రేమించిన ముసలి శాస్త్రవేత్తను మొదటి సీన్లోనే చంపేశారు, అదీ తెర మీద కాదు, ఎవరో ఫోనులో చెప్పారు. ఆ మాట వినగానే మెకానిక్ అలవాటుకొద్దీ పక్కకు తిరిగాడు. పక్కన వదిన ఉంది. “ఎవరు పోయారు?” అని అడిగింది. ముందు వరసలో కూతురు కూడా పక్కకు తిరగడం అతనికి కనబడింది. అతను ఇంటర్వెల్ దాకా తెర చూడలేదు, ఆ పిల్ల తలనే చూశాడు.

ఇంటర్వెల్లో వదిన లేచింది. “ఆ చివరి సీటైతే కాళ్ళు చాపుకోవచ్చు. నాకు ఎక్కడ కూర్చున్నా ఒకటే, ఏమీ అర్థంకాదు,” అని కూతుర్ని ఇటు పంపింది.

రెండో సగం మొదటి సగం కన్నా అన్యాయం. నాలుగో కవల వచ్చాడు. తండ్రీకూతుళ్ళు ప్రతి సీనునూ గుసగుసగా చీల్చి చెండాడారు. చుట్టుపక్కలవాళ్ళు ఉష్ ఉష్ అన్నారు. చాలాకాలం తర్వాత మాట్లాడుకుంటున్నారని వాళ్ళకేం తెలుసు. ఇంత చెత్తకు డబ్బు పోసినందుకు మెకానిక్ బాధపడ్డాడు. ఇదయిపోతే మళ్ళీ ఉప్పు, చాలు మాత్రమే మిగులుతాయేమోనని అంతకన్నా బాధపడ్డాడు.

బయటికొచ్చేసరికి మేనేజరు లిఫ్టు దగ్గర కాచుకుని ఉన్నాడు. “ఈసారికి ఏదో ఒక అతుకు వేసెయ్యండి.”

“అతుకులతో లాభం లేదు. పనికిరానిదాని మీద డబ్బు తగలెయ్యకండి.”

మేనేజరు అతని మెడలో వేలాడుతున్న ముసుగు వైపు చూసి నవ్వాడు. మెకానిక్ అతుకు వేశాడు.

ఇంటికెళ్ళే దారిలో తండ్రీకూతుళ్ళు, తెర మీద అప్పుడే ప్రకటించేసిన ఏడో భాగానికి ఒక్క పైసా ఇవ్వకూడదని గట్టిగా తీర్మానించుకున్నారు. ఈసారి ఒట్టు మాత్రం ఎవరూ వెయ్యలేదు.

గుమ్మంలో భార్య చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ముగ్గురి ముక్కుల మీదా అట్ట ముసుగు వదిలిన ఆకుపచ్చ రంగు. ఆమె ఒక్కొక్కరినే పరికించి, చివరికి అక్క దగ్గర ఆగింది.

“కళ్ళ డాక్టరు ఏమన్నాడే?”

“చాలాసేపు చీకట్లో కూర్చోబెట్టారు. ఏమీ తేల్లేదు,” అంది వదిన, మోకాళ్ళు రుద్దుకుంటూ. “మిగతాది ఇంకో రెండేళ్ళకు చూపిస్తామన్నారు.”